ఇంటి మాట, బడి మాట: సైన్సులో మా పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడి నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు కొన్నేళ్లు, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా కల్వకుర్తి వైపు కొన్నేళ్లు 6 నుంచి 8వ తరగతి దాకా సైన్సు చెప్పాను. ఊరు మారినా, ఏడాది మారినా పిల్లలు అడిగే ప్రశ్నలు మాత్రం మారలేదు. వాటిని ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకుంటూ వచ్చాను. మొన్న తిరగేసి చూస్తే సగానికి పైగా ప్రశ్నల్లో ఒకే చిక్కు కనిపించింది. కరగడం, వేడి, పని, బరువు, పీల్చడం, కరెంటు... ఇవన్నీ ఊహ తెలిసినప్పటి నుంచి ఇంట్లో వింటున్న మాటలు. బడిలో అవే మాటలకు ఇంకో అర్థం ఉంటుంది, అది కొలతతో ముడిపడిన అర్థం. ఆ తేడా ఎవరూ విడమరిచి చెప్పకపోతే పిల్లలు బట్టీ పడతారు. మార్కులు కూడా వస్తాయి, విషయం మాత్రం బుర్రకెక్కదు. అందుకే ఇక్కడ ముందు మాట సంగతి తేల్చి, తర్వాత సైన్సులోకి వెళ్తున్నాను.

ఐసు కరిగింది అంటాం, చక్కెర కరిగింది అంటాం. రెండూ ఒకటేనా సార్?

ఒకటి కాదు. రెండు వేర్వేరు సంగతులకు తెలుగులో మనం ఒకే మాట వాడుతున్నాం, అంతే.

ఐసు కరగడానికి వేడి చాలు, పక్కన ఇంకో పదార్థం ఉండనక్కర్లేదు. ఘనంగా ఉన్న నీరే 0 డిగ్రీల దగ్గర ద్రవంగా మారుతుంది. చలికాలంలో గడ్డకట్టిన నెయ్యి పొయ్యి పక్కన పెడితే జరిగేదీ ఇదే. పుస్తకంలో దీని పేరు ద్రవీభవనం. చక్కెర విషయం వేరు. గ్లాసులో నీళ్లు లేకపోతే అది కరగదు. నీళ్లలో వేసినప్పుడు చక్కెర ద్రవంగా మారడం లేదు. దాని అణువులు ఒకదాన్నొకటి వదిలి నీటి అణువుల మధ్యకు వెళ్లిపోతున్నాయి. అలా తయారైన దాన్ని ద్రావణం అంటారు.

ఒక పిల్లాడు "మరి చక్కెర మాయమైంది కదా" అన్నాడు. తూకం వేసి చూడండి. 100 గ్రాముల నీళ్లలో 10 గ్రాముల చక్కెర వేసి కలిపితే 110 గ్రాములు తూగుతుంది. ఆ నీళ్లను పళ్లెంలో పోసి ఎండలో పెట్టండి. నీళ్లు పోతాయి, చక్కెర జిగటగా అడుగున మిగులుతుంది. ఉప్పుతో చేస్తే ఇంకా బాగా కనిపిస్తుంది, తెల్లటి గింజలు తిరిగి వస్తాయి. కరిగినది కనిపించదు, కానీ పోదు. ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుకోండి, తర్వాతి ప్రశ్నకు ఇదే ఆధారం.

నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందా?

పోదు. ఇంకా చిక్కబడుతుంది. ఈ జవాబు మన జిల్లాల్లో ప్రతి ఇంటికీ తెలియాలి. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగి ఎముకలు వంకరపోయిన పెద్దవాళ్లను, పళ్ల మీద గోధుమరంగు చారలున్న పిల్లలను చూసినవాడిని కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

మన కాళ్ల కింద ఉన్నది ఎక్కువగా గ్రానైటు బండ. అందులోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. వాన నీరు బండ పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి ఉన్నప్పుడు ఆ ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ కొద్దికొద్దిగా నీటిలోకి కరుగుతుంది. ఇక్కడ "కరగడం" అంటే చక్కెర కరిగినట్టు. రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా తెలియదు. గుడ్డతో వడగడితే ఆగదు, ఎందుకంటే గుడ్డ రంధ్రాల ముందు ఆ కణాలు లెక్కలోకి రానంత చిన్నవి. బురద వేరు. బురద నీళ్లలో తేలుతూ ఉంటుంది, కాసేపు కదపకుండా ఉంచితే అడుక్కి దిగుతుంది. కరిగినది ఎన్నాళ్లు ఉంచినా దిగదు.

ఇప్పుడు కాచే సంగతి. లీటరు నీటిలో 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనుకోండి. మరిగించి మరిగించి అర లీటరుకు తెచ్చారు. ఆవిరైపోయింది నీళ్లే. ఫ్లోరైడ్ 3 మిల్లీగ్రాములూ గిన్నెలోనే ఉంది. అంటే ఇప్పుడది లీటరుకు 6 మిల్లీగ్రాముల లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. కాచడం వల్ల సూక్ష్మజీవులు చస్తాయి, అది నిజం, ఆ పనికి కాచడం మంచిదే. కరిగిన లవణాలకు మాత్రం కాచడం మందు కాదు.

మరి ఎలా తీస్తారు? 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అందరూ నీరి అని పిలిచేది, ఒక పద్ధతి తయారు చేసింది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు లెక్క ప్రకారం కలిపి, ముందు వేగంగా, తర్వాత మెల్లగా తిప్పుతారు. పటికలోని అల్యూమినియం తెల్లటి మెత్తని తుంపుల్లా ఏర్పడి, ఫ్లోరైడ్‌ను తనకు అంటించుకుని అడుక్కి దిగుతుంది. పైనున్న తేట నీరు తీసుకుంటారు. కరిగి ఉన్నదాన్ని దిగిపోయేలా మార్చడమే ఇందులోని తెలివి. ఈ పద్ధతికి ప్రపంచమంతా వాడే పేరు నల్లగొండ పద్ధతి. ఇతర దేశాల పుస్తకాల్లో కూడా మన ఊరి పేరుతోనే ఉంటుంది. ఆ పేరు వెనకున్న బాధ తెలిసినవాళ్లం కనుక ఇందులోని రసాయన శాస్త్రం మన పిల్లలకు అందరికన్నా బాగా రావాలని నా పట్టుదల.

ఒక జాగ్రత్త. పటిక ఎంత, సున్నం ఎంత అన్నది ఆ నీటిని పరీక్షించి తేల్చాల్సిన లెక్క. ఇంట్లో చేతికందినంత వేసి ప్రయోగం చేయకండి. ఎక్కువైతే అల్యూమినియం నీళ్లలోనే మిగిలిపోతుంది. నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లలో ఫ్లోరైడ్ తక్కువ. తాగడానికీ, వంటకూ అవే వాడి, బోరు నీళ్లు కడుగుళ్లకు పెట్టుకోమని ఇంట్లో చెప్పండి. వంట సంగతి చాలామంది మరిచిపోతారు. పప్పు ఉడికించిన బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ పప్పులోకే వస్తుంది.

బట్టలు ఆరాలంటే నీళ్లు 100 డిగ్రీలకు చేరాలి కదా, మరి నీడలో ఎలా ఆరతాయి?

నీళ్లు ఆవిరి కావడానికి మసలాల్సిన పని లేదు. నీటి పైపొరలో ఉన్న అణువుల్లో కొన్నింటికి మిగతావాటి కన్నా ఎక్కువ వేగం ఉంటుంది. అవి ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా పైకి తప్పించుకుపోతూనే ఉంటాయి. ఇది బాష్పీభవనం. మసలడం అంటే పైపొరలోనే కాదు, నీటి లోపల కూడా ఆవిరి బుడగలు పుట్టడం. మన భాషలో ఈ దశలకు చక్కటి మాటలున్నాయి. నీళ్లు ముందు గోరువెచ్చనవుతాయి, తర్వాత కాగుతాయి, చివరికి మసలుతాయి. ఎసరు పెట్టే అమ్మకు గిన్నె చప్పుడు వింటేనే ఏ దశో తెలుస్తుంది.

గిన్నె మీద తెల్లగా పొగలా లేచేదాన్ని ఆవిరి అంటాం. నిజానికి నీటి ఆవిరి కంటికి కనపడదు. పైకి వచ్చిన ఆవిరి చల్లగాలి తగిలి మళ్లీ సన్నటి నీటి బిందువులుగా మారితే అదే మనకు తెల్లగా కనిపిస్తుంది. కుక్కర్ విజిల్ వేసేటప్పుడు దూరం నుంచే గమనించండి. రంధ్రానికి ఆనుకుని కాస్త మేర ఏమీ కనిపించదు, ఆ పైన తెలుపు మొదలవుతుంది. ఏమీ కనిపించని ఆ చోట ఉన్నదే అసలు ఆవిరి. అక్కడ చెయ్యి పెడితే బొబ్బలెక్కుతాయి.

ఇంకొకటి. మహబూబ్‌నగర్ సముద్ర మట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది కాబట్టి అక్కడ నీళ్లు 100 కన్నా ఒకటిన్నర డిగ్రీ ముందే మసలుతాయి. ఒకసారి మసలడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా నీటి ఉష్ణోగ్రత పెరగదు, గ్యాసు మాత్రం అయిపోతుంది. మసలడం ఆగనంత వరకు మంట తగ్గించినా పప్పు అంతే వేగంగా ఉడుకుతుంది. కుక్కర్‌లో ఆవిరిని బిగించి పీడనం పెంచుతాం కనుక నీళ్లు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, అందుకే త్వరగా ఉడుకుతుంది.

రంజన్‌లో నీళ్లు ఎండాకాలం చల్లగా ఉంటాయి, వానాకాలం అంత చల్లబడవు. ఎందుకు?

మట్టి కుండ గోడల్లో సన్నటి రంధ్రాలుంటాయి. వాటి గుండా నీళ్లు బయటికి చెమర్చి ఆవిరవుతాయి. ఆవిరయ్యే ప్రతి గ్రాము నీరు సుమారు 2,400 జౌళ్ల (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం) వేడిని తీసుకుని పోతుంది. ఆ వేడిలో ఎక్కువ భాగం కుండ నుంచి, లోపలి నీళ్ల నుంచే వస్తుంది. అందుకే లోపల చల్లబడుతుంది. వానాకాలంలో గాలిలో ముందే తేమ నిండి ఉంటుంది, కుండ చెమ్మ త్వరగా ఆరదు. పాత కుండలో రంధ్రాలు లవణాలతో పూడుకుపోతాయి. అందుకే ప్రతి వేసవికీ కొత్త రంజన్ కొంటారు. పెయింటు వేసిన కుండ చూడ్డానికి అందంగా ఉంటుంది, నీళ్లు మాత్రం చల్లబడవు.

వేడికీ ఉష్ణోగ్రతకూ తేడా ఏమిటి?

ఇంట్లో రెండింటికీ "వేడి" అనే అంటాం. అందుకే పరీక్షలో ఈ ప్రశ్న రాగానే పిల్లలకు టెన్షన్.

మసిలే నీళ్లు గంటెడు తీసుకోండి, 100 గ్రాములనుకుందాం. పక్కన 40 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు 15 లీటర్ల బకెట్ పెట్టండి. ఉష్ణోగ్రత దేనిది ఎక్కువ? గంటెదే. ఇప్పుడు రెండింటిలోనూ ఐసు వేస్తూ పోండి. గంటెలోని నీళ్లు 120 గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఐసును కరిగించి చల్లబడిపోతాయి. బకెట్ నీళ్లు 7 కిలోలకు పైగా కరిగిస్తాయి. అణువులు ఎంత చురుగ్గా కదులుతున్నాయో చెప్పేది ఉష్ణోగ్రత. ఒక వస్తువు నుంచి ఇంకోదానికి చేరిన శక్తి ఎంతో చెప్పేది ఉష్ణం. దీపావళికి కాకరపువ్వొత్తి నిప్పురవ్వలు చేతి మీద పడినా బొబ్బ రాదు. వాటి ఉష్ణోగ్రత వెయ్యి డిగ్రీలకు అటూ ఇటూ ఉన్నా ఒక్కో రవ్వలో ఉన్న పదార్థం అతి తక్కువ, అది ఇచ్చే వేడీ అతి తక్కువ. ఒత్తి కడ్డీని పట్టుకుంటే మాత్రం కాలుతుంది.

వేడికి ఇనుము పెరుగుతుంది అంటారు. కంటితో చూడగలమా?

పాత ఎడ్ల బండి చక్రం ఎక్కడైనా ఉంటే దగ్గరికి వెళ్లి చూడండి. చెక్క చక్రం చుట్టూ ఇనుప పట్టా ఉంటుంది, మేకులు అక్కర్లేనంత బిగువుగా. పట్టాను చక్రం కన్నా కొంచెం చిన్నగానే తయారు చేసేవారు. పిడకల మంటలో ఎర్రగా కాల్చి, పట్టకార్లతో పట్టుకుని చక్రం మీద దించి, వెంటనే నీళ్లు కుమ్మరించేవారు. కాలినప్పుడు పెరిగిన పట్టా చల్లబడి ముడుచుకుని చెక్కను పిండేసినట్టు పట్టుకుంటుంది.

లెక్క చూద్దాం. మీటరు పొడవున్న ఇనుము 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. 4 మీటర్ల చుట్టుకొలత ఉన్న పట్టా 500 డిగ్రీలు వేడెక్కితే 24 మిల్లీమీటర్లు, దాదాపు అంగుళం. కమ్మరికి ఆ లెక్క చేతిలో ఉండేది. ఈ పని చేసిన తాతలు ఇంకా కొన్ని ఊళ్లలో ఉన్నారు. మీ ఊళ్లో ఉంటే అడిగి రాసుకోండి, ఏ పుస్తకంలోనూ అంత వివరంగా దొరకదు.

రాయి కూడా ఇలాగే పెరుగుతుంది, కానీ అది ఇనుములా వేడిని త్వరగా లోపలికి పంపదు. పైపొర వేడెక్కి పెరుగుతుంది, లోపలిది పెరగదు. అందుకే బండ కొట్టేవాళ్లు బండ మీద మంట పెడతారు. కాసేపటికి పైపొర పెళ్లలుగా లేస్తుంది.

అమ్మ బిందె నెత్తిన పెట్టుకుని అర కిలోమీటరు నడిచి వచ్చింది. బిందె మీద ఆమె చేసిన పని సున్నా అని పుస్తకంలో ఉంది. ఇదేం న్యాయం?

ఈ ప్రశ్న అడిగిన అమ్మాయి కళ్లలో కోపం నాకు ఇంకా గుర్తుంది. ఆ కోపం సరైనదే. "పని" అన్న మాటను పుస్తకం మనింటి నుంచి తీసుకుని వేరే అర్థంలో వాడుతోంది, ఆ సంగతి ముందే చెప్పాల్సింది.

భౌతిక శాస్త్రంలో పని అంటే ఒక బలం, ఆ బలం దిశలో జరిగిన కదలిక, ఈ రెండింటి లబ్ధం. వస్తువుకు ఎంత శక్తి అందిందో చెప్పే లెక్క అది. 15 లీటర్ల బిందెను నేల మీది నుంచి ఒకటిన్నర మీటరు పైకి నెత్తి మీదికి ఎత్తితే 15 × 9.8 × 1.5, అంటే సుమారు 220 జౌళ్ల పని. ఆ తర్వాత చదునైన దారిలో నడిచేటప్పుడు ఆమె బిందెకు ఇస్తున్న ఆసరా పైకి, బిందె కదులుతున్నది ముందుకు. రెండూ లంబంగా ఉన్నాయి. బిందె ఎత్తు పెరగలేదు, దానికి కొత్తగా శక్తి చేరలేదు. అందుకే లెక్కలో సున్నా.

మరి అమ్మ ఎందుకు అలసిపోయింది? మెడ కండరాలూ, నడుమూ ఆ బరువును నిలపడానికి క్షణం తీరిక లేకుండా బిగుస్తూ సడలుతూ ఉంటాయి. కాళ్లు ప్రతి అడుగుకూ శరీరాన్ని కాస్త ఎత్తి దించుతాయి. దానికంతా తిన్న అన్నం ఖర్చవుతుంది, వేడిగా పోతుంది. గోడకు కొట్టిన కొయ్య కూడా బిందెను అలాగే మోయగలదు, అన్నం తినదు, అలసిపోదు. మనిషి కండ కొయ్యలాంటిది కాదు. సున్నా అన్నది బిందెకు చేరిన శక్తి లెక్క. అమ్మ కష్టానికి అది కొలత కాదు. పరీక్షలో సున్నా అనే రాయండి, రాస్తూ ఈ సంగతి గుర్తుంచుకోండి.

కిలో అంటే బరువా, ద్రవ్యరాశా?

ద్రవ్యరాశి. కిరాణా కొట్టులో "కిలో బరువు" అన్నా అక్కడ కొలిచేది పదార్థం ఎంత ఉందన్నదే. దాన్ని భూమి ఎంత బలంతో లాగుతోందో అదే భారం, దాని ప్రమాణం న్యూటన్. కిలో బియ్యాన్ని భూమి 9.8 న్యూటన్లతో లాగుతుంది. చంద్రుడి మీద ఆ లాగుడు ఆరో వంతే. అయినా ఆ బియ్యం వండితే అంతే మందికి సరిపోతుంది.

బోరు మోటారును పైన పెట్టుకోకుండా అన్ని వందల అడుగుల లోపలికి ఎందుకు దించుతారు? కాలిపోతే మళ్లీ పైకి తీయాలి కదా?

మా నాయిన వాళ్ల బోరు మోటారు మూడుసార్లు పైకి తీశారు, నాలుగు వేలు ఖర్చయింది అంటూ ఒకబ్బాయి అడిగిన ప్రశ్న ఇది. చాలా లోతైన ప్రశ్న.

ఇక్కడ మనల్ని పక్కదారి పట్టించే మాట "పీల్చడం". మోటారు నీళ్లను పీలుస్తుంది అంటాం, స్ట్రాతో కూల్‌డ్రింక్ పీలుస్తాం. నిజానికి ద్రవాన్ని తాడు కట్టి లాగినట్టు లాగలేం. మనం స్ట్రాలోని గాలిని తీసేస్తాం. బయట గ్లాసు మీద ఉన్న గాలి కూల్‌డ్రింక్‌ను నొక్కి స్ట్రాలోకి నెడుతుంది. నమ్మకం కలగకపోతే స్ట్రాకు మధ్యలో సూదితో రెండు మూడు రంధ్రాలు పెట్టి తాగి చూడండి. లేదా సీసా మూతికి స్ట్రా చుట్టూ గోధుమపిండి ముద్ద గాలి దూరకుండా అంటించి పీల్చండి. ఒక గుక్క వచ్చి ఆగిపోతుంది. నెట్టడానికి పైన గాలి లేదు కదా.

అయితే గాలి ఎంత ఎత్తుకు నెట్టగలదు? దానికి హద్దు ఉంది. 1640లలో ఇటలీలో టోరిసెల్లి అనే శాస్త్రవేత్త పాదరసంతో తేల్చాడు. గాలి పీడనం పాదరసాన్ని 76 సెంటీమీటర్ల ఎత్తున నిలపగలదు. పాదరసం నీటి కన్నా 13.6 రెట్లు సాంద్రమైనది, కాబట్టి నీటినైతే 76 × 13.6, అంటే సుమారు 10.3 మీటర్లు. అడుగుల్లో 34. పైన ఎంత హార్స్‌పవర్ మోటారు పెట్టినా, లోపల గాలి మొత్తం తీసేసినా, 34 అడుగుల కింద ఉన్న నీటిని గాలి అంతకు మించి పైకి నెట్టలేదు. వాడకంలో పాతిక అడుగులు దాటితేనే కష్టమవుతుంది. పాత దిగుడు బావుల్లో మోటారును సగం లోతున గట్టు మీద పెట్టింది అందుకే.

మన దగ్గర బోర్లు 300, 400 అడుగులు దాటడం మామూలు. అక్కడి నుంచి నీళ్లు రావాలంటే మోటారు నీళ్లలోనే ఉండి కింది నుంచి పైకి నెట్టాలి. నెట్టడానికి ఈ 34 అడుగుల హద్దు వర్తించదు, మోటారు బలం ఎంతుంటే అంత. అందుకే దాన్ని అంత కిందికి దించుతారు.

మోట కొట్టేటప్పుడు ఎద్దులు దిగువకు ఎందుకు నడిచేవి?

మోట అంటే ఎద్దులతో బావి నీళ్లు తోడే పెద్ద తోలు తొట్టి. బావి ఒడ్డు మీద ఉన్న గిరక బరువును తగ్గించదు, లాగే దిశను మాత్రమే మారుస్తుంది. మోట పైకి రావాలి, ఎద్దులు నేల మీద నడవాలి, ఆ రెండింటినీ కలిపేది గిరక. దారిని వాలుగా చేస్తే ఎద్దుల సొంత బరువు కూడా లాగడానికి తోడవుతుంది. తిరిగి వెనక్కి ఎక్కేటప్పుడు మోట ఖాళీ, కనుక కష్టం తక్కువ. చేదతో నీళ్లు తోడేటప్పుడు మనం కూడా కిందికే లాగుతాం, కారణం అదే.

నాగార్జునసాగర్ డ్యాంలో 590 అడుగుల లోతు నీళ్లున్నాయా?

లేవు. వార్తల్లో "సాగర్ నీటిమట్టం 590 అడుగులు" అని వినగానే అది లోతు అనుకుంటాం. అది సముద్ర మట్టం నుంచి నీటి పైభాగం ఎంత ఎత్తులో ఉందో చెప్పే అంకె. డ్యాం ఎత్తే సుమారు 124 మీటర్లు, అంటే 407 అడుగులు. కృష్ణా నది మీదే ఎగువన ఉన్న శ్రీశైలం డ్యాం నిండినప్పుడు 885 అడుగులు అంటారు, అదీ సముద్ర మట్టం నుంచే. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి తీసివేయండి. శ్రీశైలం నీరు సాగర్ నీటి కన్నా 295 అడుగులు పైన ఉందని తెలుస్తుంది. ఆ ఎత్తులోనే కరెంటు తయారు చేసే శక్తి దాగి ఉంది.

దీని వెంటే వచ్చే ప్రశ్న, డ్యాం కింద ఎందుకంత మందం అని. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకూ సుమారు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 100 మీటర్ల లోతున గోడ మీద ప్రతి చదరపు సెంటీమీటరుకూ 10 కిలోలు ఆనించినంత ఒత్తిడి. నీళ్లు వెనక ఎంత దూరం పరుచుకున్నాయన్నది లెక్కలోకి రాదు, లోతు ఒక్కటే లెక్క. ప్లాస్టిక్ సీసాకు పైన, మధ్యలో, కింద మూడు రంధ్రాలు పెట్టి నీళ్లు నింపండి. అన్నిటికన్నా జోరుగా చిమ్మేది కింది రంధ్రమే. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ డ్యాం రాతి కట్టడం. బడి నుంచి టూర్ వెళ్తే ఫొటోలతో పాటు గోడ వాలును కూడా ఒక నిమిషం చూడండి.

సాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఇంకో విశేషం ఉంది. 8 యూనిట్లలో 7 రెండు వైపులా పనిచేస్తాయి. నీళ్లు కిందికి వచ్చేటప్పుడు కరెంటు ఇస్తాయి. కరెంటు మిగులుగా ఉన్నప్పుడు అవే పంపుల్లా మారి నీళ్లను మళ్లీ పైకి నెట్టగలవు. పైకి నెట్టడానికి పట్టే కరెంటు, తిరిగి వచ్చేదాని కన్నా ఎప్పుడూ ఎక్కువే. ఆ తేడా ఘర్షణకూ వేడికీ పోతుంది. మరి ఎందుకు చేస్తారంటే, అవసరమైన గంటలో కరెంటు దొరకడం కోసం.

కరెంటు, వోల్టేజి, యూనిట్ మూడూ ఒకటేనా?

"కరెంటు పోయింది", "కరెంటు తక్కువ వస్తోంది", "కరెంటు బిల్లు" అని మనం మూడు వేర్వేరు వాటిని ఒకే పేరుతో పిలుస్తాం. ఊళ్లో నీళ్ల ట్యాంకుతో పోల్చుకోండి. ట్యాంకు ఎత్తు వోల్టేజి లాంటిది, నెట్టేది అదే. పైపులో పారే ప్రవాహం కరెంటు, దాన్ని ఆంపియర్లలో కొలుస్తారు. బల్బు మసగ్గా వెలిగితే "లో వోల్టేజి" అనడం సరైన మాటే. బిల్లులో యూనిట్ మాత్రం వాడిన శక్తి. 1000 వాట్ల వస్తువు గంట పనిచేస్తే ఒక యూనిట్. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక యూనిట్‌తో 111 గంటలు వెలుగుతుంది. ఒక హార్స్‌పవర్ 746 వాట్లు, కాబట్టి 5 హార్స్‌పవర్ మోటారు గంటకు కనీసం 3.7 యూనిట్లు తీసుకుంటుంది.

తడి చేతులతో, తడి కాళ్లతో స్టార్టర్ డబ్బా ముట్టుకోవద్దు. మన ఒంటి చర్మం పొడిగా ఉంటే కొంత అడ్డుకుంటుంది, తడిస్తే ఆ అడ్డు చాలా తగ్గిపోతుంది. ఇది మీకే కాదు, చేను దగ్గర ఉండే నాయినకూ, అన్నకూ చెప్పండి.

పసుపులో సున్నం కలిపితే ఎరుపెందుకు వస్తుంది?

దిష్టి తీసే ఎర్ర నీళ్లు మీరు చూసే ఉంటారు. పసుపులోని రంగు పదార్థం క్షారం తగిలితే ఎర్రబడుతుంది. సున్నం క్షారం. ఆ నీళ్లలో నిమ్మరసం పిండితే ఆమ్లం క్షారాన్ని తటస్థం చేసి మళ్లీ పసుపు రంగు వస్తుంది. తెల్ల చొక్కా మీది పప్పుచారు మరక సబ్బు పెట్టగానే ఎర్రబడేది కూడా ఇందుకే. బడిలో ఆమ్లమో క్షారమో తేల్చే లిట్మస్ కాగితం లేకపోతే పసుపు పూసి ఆరబెట్టిన కాగితం ముక్కలు చాలు. ఒకటే జాగ్రత్త, రాతి సున్నం మీద నీళ్లు పోసేటప్పుడు మీదికి వంగి చూడకండి. అది కుతకుత ఉడికి చిమ్ముతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు.

మెరుపు తర్వాత ఉరుము ఎంత ఆలస్యంగా వస్తే పిడుగు దూరంగా ఉన్నట్టు?

ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. మెరిసినప్పటి నుంచి ఉరిమే దాకా సెకన్లు లెక్కపెట్టి 3తో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. 30 సెకన్ల లోపే ఉరిమితే వెంటనే ఇంట్లోకి వెళ్లాలి. చేలో ఒంటరి చెట్టు కింద నిలబడవద్దు. రబ్బరు చెప్పులు కాపాడతాయన్న నమ్మకం తప్పు. కిలోమీటర్ల మేర గాలిని చీల్చుకుని వచ్చినదాన్ని అర అంగుళం రబ్బరు ఆపలేదు.

నీడ లేని రోజు నిజంగా ఉంటుందా?

ఉంటుంది, ఏడాదికి రెండు. రోజూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడని అనుకుంటాం, కానీ అలా రాడు. మన అక్షాంశం మహబూబ్‌నగర్ దగ్గర సుమారు 16.7 డిగ్రీలు, నల్లగొండ దగ్గర 17. ఉత్తరం వైపు జరుగుతూ పోయే సూర్యుడు మే 7, 8 తేదీల ప్రాంతంలో మన నెత్తి మీదుగా దాటుతాడు, తిరిగి వస్తూ ఆగస్టు 5 ప్రాంతంలో ఇంకోసారి. గద్వాల మనకన్నా దక్షిణం కాబట్టి అక్కడ మే నెలలో రెండు రోజులు ముందే వస్తుంది.

గడియారంలో 12 కొట్టగానే చూస్తే తప్పిపోతారు. మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తాయి, మనం దానికి పడమట ఉన్నాం. మే నెలలో నల్లగొండ వాళ్లు 12:10కి, మహబూబ్‌నగర్ వాళ్లు 12:15కి చూడాలి. ఆగస్టులో ఇంకో పది నిమిషాలు ఆలస్యం. చదునైన నేల మీద ఒక స్టీలు గ్లాసు బోర్లించి పెట్టండి. అంచు నిటారుగా ఉన్న డబ్బా అయితే ఇంకా మంచిది. నీడ పొట్టిదవుతూ పొట్టిదవుతూ డబ్బా కిందికి దూరిపోతుంది. మేలో సెలవులుంటాయి కాబట్టి ఇంటి ముందే చేసుకోవచ్చు. ఆగస్టులో మబ్బు అడ్డం రాకపోతే బడి ఆవరణలో అందరూ కలిసి, జెండా కర్ర నీడతో చూడవచ్చు.